కారణం వేరు, నేరం వేరు



యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయం మీరు ఎన్నోసార్లు విన్నదే. దారి పక్కన ఒక పుట్టుగ్రుడ్డి కనిపించాడు. అతన్ని చూడగానే శిష్యులకు జాలి కంటే ముందు సందేహం పుట్టింది. ఇతను ఇలా పుట్టడానికి పాపం చేసింది ఎవరు, ఇతనా, ఇతని తల్లిదండ్రులా అని ప్రభువును అడిగారు. ఎవరూ కాదని ప్రభువు చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. వంగి, నేలమీది మట్టిని తడిపి, అతని కన్నులకు పూసి, కోనేటికి వెళ్లి కడుగుకొమ్మని పంపారు.

శిష్యులు కారణం అడిగారని మనం అనుకుంటాం. నిజానికి వారు వెతికింది కారణాన్ని కాదు, నేరస్థుణ్ణి. ఈ రెండూ ఒకటి కావు. వైద్యుడు కారణం వెతికేది బాగు చేయడానికి. మనలో చాలామందిమి తప్పు వెతికేది చేతులు దులుపుకోవడానికి. తప్పు ఫలానావాడిది అని తేలిపోతే ఇక మనం చేయవలసింది ఏమీ లేదన్నమాట!

ఈ తేడాను ఈ వారం ఒక జబ్బు ఆధారంగా ఆలోచిద్దాం. నలుగురిలో ఎవరూ మాట్లాడని జబ్బు అది. మూత్రకోశం తీసివేసి, పేగుతో కొత్త సంచి కుట్టిన తరువాత, ఆ సంచి నుండి మూత్రం కారిపోవడం. విచారణలో అందరూ చదివే పత్రికలో ఇది వ్రాయదగిన సంగతేనా అని కొందరికి అనిపించవచ్చు. లేవీయకాండము పదిహేనవ అధ్యాయం మొత్తం శరీరం నుండి కారే స్రావాల గురించే ఉన్నది. పరిశుద్ధ గ్రంథం సిగ్గుపడని చోట మనం సిగ్గుపడనక్కరలేదు. పైగా ఈ సిగ్గే చాలా ఇళ్లలో సగం బాధ.

ఆ ఆపరేషను ఏమిటి?

మూత్రపిండాలలో తయారయిన మూత్రం రెండు సన్నని నాళాల గుండా దిగి మూత్రకోశంలో నిలుస్తుంది. ఆ కోశానికి క్యాన్సరు వచ్చి కండలోనికి పాకితే, చాలాసార్లు కోశాన్ని పూర్తిగా తీసివేయవలసి వస్తుంది. క్షయ సోకి కోశం ముడుచుకుపోయినవారికి, కోశం పొట్టమీద తెరుచుకొని పుట్టిన పిల్లలకు, వెన్నెముక లోపంవల్ల కోశపు నరాలు పనిచేయనివారికి కూడా కొన్నిసార్లు ఇటువంటి చికిత్స అవసరమవుతుంది. కోశం పోయినంత మాత్రాన మూత్రపిండాలు పని మానవు గదా! వచ్చే నీటికి మరో దారి చూపాలి. దీనినే వైద్యులు మూత్రం మళ్లింపు అంటారు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువల ఒడ్డున బ్రతికే మనకు మళ్లింపు అనే మాట కొత్తది కాదు.

బెజవాడ వద్ద కృష్ణ మీద ఆనకట్ట పని మొదలైన 1852లోనే, లండనులో జాన్ సైమన్ అనే వైద్యుడు ఇటువంటి ప్రయత్నాన్ని గురించి ప్రకటించాడు. కోశం బయటికి తెరుచుకొని పుట్టిన ఒక బాలునికి మూత్రనాళాలను పెద్దపేగు చివరి భాగంలోనికి మళ్లించాడు. కొంతకాలం అది పనిచేసింది గాని బాలుడు దక్కలేదు. దాదాపు నూరేళ్ల తరువాత, 1950లో, అమెరికాలో బ్రికర్ అనే వైద్యుడు మరో పద్ధతిని వివరించాడు. చిన్నపేగులో ఒక ముక్క తీసి, మూత్రనాళాలను దానికి కుట్టి, దాని రెండవ కొనను పొట్టమీద రంధ్రంగా తెరుస్తారు. రంధ్రం మీద ప్లాస్టిక్కు సంచి అంటించుకోవాలి. మూత్రం రాత్రింబవళ్లు అందులోకి కారుతూనే ఉంటుంది. నేటికీ ఎక్కువమందికి చేసేది ఈ పద్ధతే.

పైన సంచి తగిలించుకొని తిరగడం చాలామందికి మనసుకు కష్టం. అందుచేత సంచిని లోపలే కుట్టే పద్ధతులు వచ్చాయి. ఫ్రాన్సులో మిత్రొఫనోఫ్ అనే వైద్యుడు 1980లో ఒక చక్కని ఉపాయం చెప్పాడు. మనవాళ్లు ఇరవై నాలుగు గంటల నొప్పి అనే జబ్బు వస్తుందే, ఆ చిన్న తోక పేగును పొట్ట చర్మానికీ లోపలి కోశానికీ మధ్య సన్నని దారిగా వాడాడు. స్వీడనులో నిల్స్ కోక్ అనే వైద్యుడు పేగునే కోసి, సంచిగా కుట్టి, దాని మూతిని లోపలికి మడిచి తూములాగా చేసిన పద్ధతిని 1982లో మూత్రం మళ్లింపుకు వాడి ప్రకటించాడు. ఇటువంటి సంచి ఉన్నవారు సుమారు నాలుగు నుండి ఆరు గంటలకొకసారి బొడ్డు దగ్గరి చిన్న రంధ్రంలో ట్యూబు పెట్టి మూత్రం తీసివేసుకోవాలి. ఇంట్లో తమంతట తామే, శుభ్రమైన చేతులతో, శుభ్రమైన ట్యూబుతో ఈ పని చేసుకోవచ్చునని 1972లో అమెరికా వైద్యుడు లాపిడెస్ చూపించడం ఎందరికో మేలు చేసింది. మరికొందరికి పేగు సంచిని సహజ మూత్రద్వారానికే కలుపుతారు.

కారకుండా లోపల నిలుపుకోగలిగే ఈ రకాన్ని వైద్యులు ఇంగ్లీషులో కాంటినెంట్ మళ్లింపు అంటారు. ఈ మాటను గుర్తుంచుకోండి. దీనితో మనకు తరువాత పని ఉన్నది.

గట్టు వెంట నడిచే రైతు

ఇంత కష్టపడి చేసిన ఆపరేషను తరువాత ఒకనాడు చొక్కా తడుస్తుంది. లేదా పక్కబట్టలు తడుస్తాయి. అప్పుడు ఇంట్లో మొదట వచ్చే మాట ఏమిటో మీరు ఊహించగలరు. "టైముకి ట్యూబు పెట్టుకోలేదా?" "అన్ని నీళ్లు ఎవరు తాగమన్నారు?" "డాక్టరుగారు అన్నీ చెప్పారు, వినేది ఉంటేగా!"

ఇక్కడ మన డెల్టా రైతును తలచుకోండి. సాయంత్రం నీరు పెట్టిన మడి తెల్లవారేసరికి ఆరిపోయి కనిపిస్తే, అనుభవం ఉన్న రైతు ముందుగా కాపలా ఉన్నవాణ్ణి తిట్టడు. గట్టు వెంట నడుస్తాడు. ఎండ్రకాయ బొరియ ఉన్నదా, ఎలుక తవ్విందా, తూము సరిగా మూసుకున్నదా, పక్క మడిలోకి ఊట దిగుతున్నదా అని వంగి చూస్తాడు. బొరియ దొరికిన తరువాత బురద ముద్దతో మూస్తాడు.

ఈ రోగి విషయంలోనూ గట్టు వెంట నడిస్తే ఏమేమి కనిపిస్తాయో చూడండి.

ట్యూబు ఆలస్యంగా పెట్టుకోవడంవల్ల సంచి నిండి పొర్లడం ఒక కారణమే, కాదనను. సంచిలో క్రిములు చేరి మంట పుట్టినా కారవచ్చు. ఇవి తరచుగా కనిపించేవి. కాని కథ అంతటితో అయిపోలేదు.

తూము సడలిపోవచ్చు. లోపలికి మడిచి కుట్టిన మూతి కాలక్రమంలో జారి పొట్టిదైపోతుంది. అప్పుడు ఎంత జాగ్రత్తపరుడికైనా మూత్రం నిలవదు.

సంచి తనంతట తాను బిగుసుకోవచ్చు. అది పుట్టుకతో పేగు. పేగు స్వభావం ముడుచుకొని లోపల ఉన్నదాన్ని ముందుకు నెట్టడం. ఆ స్వభావాన్ని తగ్గించడానికే గొట్టంలా ఉన్న పేగును నిలువుగా కోసి, మడిచి, సంచిగా కుడతారు. అయినా కొందరిలో దాని పాత అలవాటు పూర్తిగా పోదు. సంచి బిగుసుకొన్నప్పుడు లోపలి ఒత్తిడి తూము బలాన్ని మించిపోతుంది.

రాళ్లు ఏర్పడవచ్చు. పేగు గోడ జిగురును ఊరుస్తూనే ఉంటుంది. ఆ జిగురు చుట్టూ, లోపల మిగిలిన కుట్టు ముక్కల చుట్టూ రాయి పెరుగుతుంది. అటువంటి రాయి ఒకటి తూము మూతిలో ఇరుక్కుంటే తలుపు సందులో పడిన గులకరాయివలె మూతిని మూసుకోనివ్వదు.

పక్క దారి పడవచ్చు. సంచికీ చర్మానికీ మధ్యగాని, స్త్రీలలో సంచికీ యోనికీ మధ్యగాని ఒక చిల్లు ఏర్పడి, తూము బాగానే ఉన్నా నీరు వేరే చోటునుండి పోతుంది. ట్యూబు పెట్టేటప్పుడు అది గోడను చీల్చుకొని తప్పుదారి పట్టడమూ ఉన్నది. రంధ్రం పక్కన కండ సడలి పేగు ముందుకు పొడుచుకు వస్తే, దానినే హెర్నియా అంటారు, లోపలి దారి లాగబడి పొట్టిదవుతుంది. ఒళ్లు బాగా పెరిగినా లోపలి దారి ఆకారం మారవచ్చు. ఆపరేషను అయిన స్త్రీ గర్భవతి అయితే పెరుగుతున్న గర్భసంచి ఈ సంచిని నొక్కి కారేటట్లు చేయవచ్చు. అరుదుగా సంచికే చిల్లు పడుతుంది. అది ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం. కడుపునొప్పి, జ్వరం, పొట్ట ఉబ్బరం కనిపించినా, ట్యూబు పెట్టినా మూత్రం రాకపోయినా క్షణం ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రికి తీసుకొని వెళ్లాలి.

రాత్రి సంగతి మరీ చెప్పాలి. సంచిని సహజ మూత్రద్వారానికి కలిపినవారిలో చాలామందికి పగలు బాగుండి రాత్రి పక్క తడుస్తుంది. దీనికి రెండు కారణాలున్నాయి. మనం నిద్రపోతున్నప్పుడు మూత్రకోశం నిండుతుంటే, ఆ కబురు నరాల ద్వారా వెళ్లి కింది కండరం మరింత బిగుసుకొంటుంది. కోశంతోపాటు ఆ కబురు పంపే ఏర్పాటు కూడా పోయింది. రెండవది, రాత్రి మూత్రం చిక్కబడుతుంది. చిక్కటి మూత్రం పేగు గోడలో నుండి నీటిని తనలోకి లాగుకొంటుంది. కాబట్టి సంచి అనుకున్నదానికంటే త్వరగా నిండుతుంది. చూశారా? నిద్రలో ఉన్న మనిషి బద్ధకస్థుడని మనం అనుకుంటున్నాం. అతని శరీరంలో అతనికి తెలియకుండా ఇంత జరుగుతున్నది.

కారణాలు ఎంత వింతగా ఉంటాయో మన విజయవాడ కళ్లారా చూసింది. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరదలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు వచ్చింది. ఆనాడు గేట్ల దగ్గర దెబ్బ తీసింది నీటి ఒత్తిడి ఒక్కటే కాదు. ఎగువనుండి కొట్టుకొచ్చిన పడవలు ఢీకొని, గేట్లను ఎత్తి దించడానికి ఉపయోగపడే కాంక్రీటు దిమ్మలు విరిగాయి. గేట్లు కాపాడే ఉద్యోగి నిద్రపోయాడని ఎవరైనా అని ఉంటే అది అన్యాయం అయ్యేది. అదే సమయంలో బుడమేరు మళ్లింపు కాలువకు మూడు గండ్లు పడి సింగ్‌నగర్ ప్రాంతమంతా మునిగింది. ఆ గండ్లను సైన్యం కూడా వచ్చి పూడ్చవలసి వచ్చింది. మునిగిన ఇంటివారికి ఆ పూట కావలసింది అన్నం, మంచినీళ్లు, గండి పూడ్చే మనుషులు. ఎవరిది తప్పు అన్న విచారణ అవసరమే. కాని అది అన్నం పొట్లం తరువాత.

"ఆపుకోలేకపోయాడు"

ఇప్పుడు ఆ మాట దగ్గరికి వద్దాం. మన తెలుగులో "కోపం ఆపుకోలేకపోయాడు" అంటాం. "ఒకటికి ఆపుకోలేకపోయాడు" అనీ అంటాం. మాట ఒకటే. ఇంగ్లీషులోనూ అంతే. వైద్యులు మూత్రం నిలవడానికి వాడే మాటనే నీతిశాస్త్రం ఇంద్రియ నిగ్రహానికి వాడుతుంది. మాట ఒకటి కావడంవల్ల మనకు తెలియకుండానే ఒక పొరపాటు జరుగుతుంది. కోపం ఆపుకోలేనివాడిలో లోపం ఉన్నది గనుక, మూత్రం ఆపుకోలేనివాడిలోనూ ఏదో లోపం ఉన్నదని మనసు అనుకుంటుంది. వ్యక్తిలోనే ఏదో పట్టు తప్పిందని, అతని పెద్దరికం పోయిందని అనుకుంటుంది. రోగి కూడా తనను గురించి అలాగే అనుకుంటాడు. అదే అసలు విషాదం.

పునీత తోమాసు అక్వినాసు నిగ్రహాన్ని గురించి సుమ్మా గ్రంథం రెండవ భాగంలో వివరంగా చర్చించారు. నిగ్రహం మనిషిలో ఎక్కడ ఉంటుంది అని ఆయన ప్రశ్న వేసుకొన్నారు. ఆయన ఇచ్చిన జవాబు: సంకల్పంలో. ఆవేశం ఎంత తోసినా దానికి లొంగకుండా నిలబడే సంకల్పమే నిగ్రహానికి నివాసం. అంటే కండరంలో కాదు, కోశంలో కాదు, పేగుతో కుట్టిన సంచిలో అంతకంటే కాదు. ఈ లెక్కన మూత్రం నిలవని ఒక తాతగారు, రోజంతా తడి బట్టలతో ఓపిక పట్టి, ఎవరినీ ఒక్క మాట అనకుండా ఉంటే, ఆయనే ఆ ఇంట్లో అందరికంటే నిగ్రహం గలవాడు. ఆయనను కసురుకొనేవారు, శరీరం ఎంత ఆరోగ్యంగా ఉన్నా, నోరు ఆపుకోలేనివారే.

క్రీస్తుకు ముందే అరిస్టాటిల్ కూడా ఈ సంగతి ఆలోచించాడు. పుట్టుకతోనో రోగంతోనో చూపు పోయినవాడిని ఎవరూ నిందించరు, జాలిపడతారు. త్రాగుడువల్ల చూపు పోగొట్టుకొన్నవాడిని నిందిస్తారు అని తన నీతిశాస్త్రంలో వ్రాశాడు. తన చేతిలో ఉన్నదానికే మనిషి జవాబుదారీ అన్నది అతని భావం. ఇది న్యాయమైన మాట. కాని మన విశ్వాసం ఇక్కడితో ఆగదు.

నిజంగా తప్పు ఉంటే?

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం రావచ్చు. "ఫాదర్, మా నాన్నగారు ముప్పయ్యేళ్లు చుట్టలు కాల్చారు. చెబితే వినలేదు. ఇప్పుడు మేమందరం అనుభవిస్తున్నాం." మూత్రకోశం క్యాన్సరుకు పొగాకు ముఖ్యమైన కారణమన్నది నిజమే. పొగలోని విషం రక్తంలో చేరి, మూత్రంలోకి వచ్చి, కోశంలో గంటల తరబడి నిలుస్తుంది. అయితే పొగ ఎన్నడూ ముట్టనివారికి కూడా ఈ జబ్బు వస్తుంది. కొన్ని రకాల రంగుల, రబ్బరు పరిశ్రమల రసాయనాలవల్లా వస్తుంది. పొగ త్రాగిన ప్రతివాడికీ రాదు.

పోనీ, తప్పు నిజంగా అతనిదే అనుకుందాం. మార్కు సువార్త రెండవ అధ్యాయంలో పక్షవాత రోగిని నలుగురు మోసుకొని వచ్చి ఇంటికప్పు విప్పి దించారు. ప్రభువు ముందుగా అతని పాపాలను క్షమించారు. అతనికి పాపాలు ఉన్నాయన్నమాట. ఏ పాపం, ఎప్పుడు చేశావు, ఈ జబ్బుకూ దానికీ సంబంధం ఏమిటి అని ప్రభువు అడగలేదు. మోసుకొచ్చిన నలుగురూ అడగలేదు. అడుగుతూ కూర్చుంటే కప్పు విప్పేవారే కారు. పొగాకు మానమని కొడుకులకు, మనుమలకు చెప్పండి. గట్టిగానే చెప్పండి. అది ప్రేమే. కాని కోశం పోయిన మనిషికి తడిబట్టలు మార్చే వేళ చెప్పే పాఠం ప్రేమ కాదు, పగ తీర్చుకోవడం.

తొందరపాటు తీర్పు చిన్న పాపమని అనుకోవద్దు. కతోలిక శ్రీసభ సత్యోపదేశం ఎనిమిదవ ఆజ్ఞను వివరిస్తూ, తగిన ఆధారం లేకుండా పొరుగువానిలో తప్పు ఉన్నదని లోలోపల నమ్మడం కూడా ఆ ఆజ్ఞను మీరడమేనని 2477వ పేరాలో చెబుతున్నది. గమనించండి, పైకి అనకపోయినా సరే. సందేహం ఉన్నచోట మంచివైపే అర్థం చేసుకోవాలని తోమాసుగారి బోధ. మంచిగా అనుకొని మోసపోయే ప్రమాదం ఉన్నదని ఆయనకు తెలుసు. ఒక చెడ్డవాణ్ణి మంచివాడనుకొని పలుమార్లు పొరబడినా ఫరవాలేదు గాని, ఒక మంచివాణ్ణి చెడ్డవాడనుకొని ఒక్కసారి అన్యాయం చేయకూడదన్నది ఆయన ఉద్దేశం. పైన చెప్పిన కారణాల జాబితాను మళ్లీ చూడండి. రాయి, చిల్లు, హెర్నియా, సడలిన తూము, నిద్రలో అందని కబురు. వీటిలో ఎన్ని రోగి చేతిలో ఉన్నాయి? పరీక్ష చేయించకముందే "నీ అజాగ్రత్తే" అనడం తొందరపాటు తీర్పు. అది రోగి శరీరానికి కూడా హాని. నింద భరించలేక అతను దాచడం మొదలుపెడతాడు. నీళ్లు త్రాగడం తగ్గిస్తాడు. నీళ్లు తగ్గితే రాళ్లు పెరుగుతాయి. డాక్టరుకు కూడా నిజం చెప్పడు. బాగు చేయదగిన కారణం అలా లోపల ఉండిపోతుంది.

రోగికి బాధ్యత లేదని నేను అనడం లేదు. వేళకు ట్యూబు పెట్టుకోవడం, చేతులు కడుక్కోవడం, ఆసుపత్రిలో నేర్పిన ప్రకారం సంచిని ఉప్పునీటితో శుభ్రం చేసుకోవడం, పరీక్షలకు వెళ్లడం అతని విధి. దేవుడిచ్చిన శరీరాన్ని కాపాడుకోవడం ఐదవ ఆజ్ఞలో భాగం. అన్నిటికంటే ముఖ్యమైన విధి ఒకటున్నది: కారుతున్నదని సిగ్గుపడకుండా చెప్పడం. కాని మనిషి నిజం చెప్పేది తనను తిట్టని చోటనే.

గుంపులో వెనుకనుండి వచ్చిన స్త్రీ

మార్కు సువార్త ఐదవ అధ్యాయంలోని స్త్రీని తలచుకోండి. పన్నెండేళ్లు రక్తస్రావం. ఉన్న డబ్బంతా వైద్యులకు పోసింది. ధర్మశాస్త్రం ప్రకారం ఆమె అశుద్ధురాలు. ఆమె కూర్చున్న చోటు, పడుకున్న పక్క, అన్నీ అశుద్ధమే. పన్నెండేళ్లు ఎవరి ఇంటికీ వెళ్లలేని, ఎవరూ తన ఇంటికి రాని బ్రతుకు. అందుకే వెనుకనుండి, ఎవరూ చూడకుండా వచ్చి అంగీ అంచును ముట్టుకొంది. ప్రభువు ఆగి, తనను తాకినదెవరని అడిగారు. ఆమెను అవమానించడానికి కాదు. దొంగచాటుగా వచ్చినదాన్ని అందరి ఎదుట కుమార్తె అని పిలిచి పంపించడానికి. స్వస్థత అంగీ అంచు దగ్గరే దొరికింది. ఆ పిలుపు మాత్రం గుంపు ఎదుటనే దొరకాలి. ఎందుకంటే ఆమె కోల్పోయింది రక్తాన్ని మాత్రమే కాదు, మనుషుల మధ్య చోటును కూడా.

పునీత పౌలు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ పన్నెండవ అధ్యాయంలో శరీరాన్ని గురించి చెబుతూ, మనం తక్కువగా ఎంచే అవయవాలకే ఎక్కువ గౌరవం ఇస్తామని, బలహీనంగా కనిపించేవే అవసరమైనవని బోధించారు. ఇది శ్రీసభను గురించి చెప్పిన పోలిక. పోలిక నిజం కావాలంటే ముందు అసలు శరీరం విషయంలో నిజం కావాలి. విచారణలో ఒక్క మనిషి తడిభయంతో పూజకు రాకుండా ఇంట్లో కూర్చుంటే, క్రీస్తు శరీరంలో ఒక అవయవాన్ని మనం దాచిపెట్టినట్లే.

మనం చేయగలిగినవి

జగద్గురువులు రెండవ జాన్ పౌలుగారు 1992లో వ్యాధిగ్రస్తుల ప్రపంచ దినాన్ని స్థాపించి ఫిబ్రవరి 11వ తేదీని దానికి నిర్ణయించారు. అది లూర్దుమాత పండుగ. మన గుణదల తిరునాళ్లలో ముఖ్యమైన రోజు. లక్షలమంది కొండ ఎక్కి తలనీలాలు, కొబ్బరికాయలు సమర్పించే ఆ రోజే లోకమంతటా శ్రీసభ రోగుల కొరకు ప్రార్థిస్తుంది. మన మొక్కులతోపాటు ఈ కొన్ని పనులు కూడా మాతకు సమర్పిద్దాం.

ఇంట్లో ఎవరికైనా ఇటువంటి ఆపరేషను జరిగి కారుతుంటే, ప్రశ్న మార్చండి. "ఏం చేశావు?" అనడానికి బదులు "ఎప్పుడు కారుతున్నది, ఎంత, పడుకున్నప్పుడా, దగ్గినప్పుడా, నొప్పి ఉన్నదా?" అని అడగండి. ఆ జవాబులు ఒక కాగితం మీద వ్రాసి ఆపరేషను చేసిన వైద్యుని దగ్గరికి తీసుకొని వెళ్లండి. ప్రశ్న మారితే ఇంట్లో గొంతు కూడా మారుతుంది.

గుడి దగ్గర శుభ్రమైన మరుగుదొడ్డి, అందులో ఒక బల్ల, నీరు, సబ్బు, లోపలి గడియ ఉండేటట్లు విచారణ పెద్దలు చూడాలి. ట్యూబు పెట్టుకొనేవారికి ఇవి విలాసాలు కావు. తలుపు పక్కన చివరి బెంచీని రోగుల కొరకు వదలండి. ప్రసంగం మధ్యలో ఎవరైనా లేచి వెళితే తలతిప్పి చూడకండి.

దివ్యసత్ప్రసాదం కొరకు ఒక గంట ఉపవాసం ఉన్నది గదా, నీళ్లు త్రాగవచ్చునా అని రోగులు సందేహిస్తారు. నీరు, మందులు ఎన్నడూ ఆ ఉపవాసాన్ని భంగం చేయవు. వ్యాధిగ్రస్తులకు, వృద్ధులకు, వారిని చూసుకొనేవారికి ఆ గంట నియమం కూడా లేదని శ్రీసభ చట్టం 919వ విధి చెబుతున్నది. తపస్సుకాలంలో నీళ్లు మానే మొక్కులు ఇటువంటివారు మొక్కుకోకూడదు. నిజంగా రాలేని ఆదివారం పూజకు రాకపోవడం వారికి పాపం కాదు. అయితే రాలేనివారికి దివ్యసత్ప్రసాదం ఇంటికి తెప్పించడం ఇంటివారి బాధ్యత. పెద్ద ఆపరేషనుకు ముందే వ్యాధిగ్రస్తుల అభ్యంగనం పొందవచ్చు. చావు దగ్గరపడేదాకా ఆగనక్కరలేదు. గురువుకు కబురు చేయండి.

భార్యాభర్తలకు ఒక మాట. వివాహవేళ పీఠం ముందు సుఖంలోనూ కష్టంలోనూ, ఆరోగ్యంలోనూ అనారోగ్యంలోనూ అని పలికిన మాటకు అర్థం అప్పుడు తెలియదు. నడిరాత్రి లేచి తడిసిన దుప్పటి తీసి, పొడి దుప్పటి పరిచి, ఒక్క మాట మాట్లాడకుండా మళ్లీ పక్కన పడుకొన్న రాత్రి తెలుస్తుంది. ఏ పీఠం మీద పరిచిన తెల్లగుడ్డకూ ఆ దుప్పటి తక్కువ కాదు.

మూత్రం నిలవనంత మాత్రాన దేవుని పోలిక మనిషిలో నుండి కారిపోదు. అది జ్ఞానస్నానపు నీటిలో ముద్ర పడిన పోలిక. దానికి చిల్లు పడదు. ఎవరింట్లోనైనా ఈ వారం ఒక మనిషి సిగ్గుతో తల దించుకొని ఉంటే, అతని దగ్గరకు వెళ్లి కూర్చోండి. గట్టు వెంట అతనితోపాటు నడవండి. గండి ఎక్కడున్నదో వెతుకుదాం రమ్మనండి. గుణదల మరియమాత మిమ్మును, మీ ఇళ్లలోని రోగులను తన కొంగు నీడలో కాపాడును గాక.